చాచిన కాలు

పేరిందేవమ్మగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని పడుతుంది. ఆవిడ శిష్యులందరికీ ఇది అనుభవమే. కామేశానికి మాత్రం ఆవేళ జవాబే కావాలి.

అతను మందుల కంపెనీ ప్రయోగశాలలో కుక్కల రక్తం తీసే ఉద్యోగం చేశాడు. పొడుగు చెవుల బీగిల్ జాతి కుక్కలు. కరవవు గనకే వాటిని ఎంచుకుంటారు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా! ప్రయోగాలు ముగిశాక వాటిని చంపెయ్యకుండా, పెంచుకునేవాళ్లకి ఇప్పించమని పైవాళ్ల కాళ్లావేళ్లా పడ్డదీ అతనే. ఒకదాన్ని తెచ్చి ఆవిడ ఆశ్రమంలో వదిలాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అనుకోండి, అయినా పట్టుకున్నాడు.

దానికిక్కడ గౌరి అని పేరు పెట్టారు. ఎవరు ఎదురుగా కూర్చున్నా ముందుకాలు చాచి ఇస్తుంది. వచ్చినవాళ్లు “అబ్బ, షేక్‌హ్యాండ్ ఇస్తోందే!” అని మురిసిపోయి ఫొటోలు దిగుతారు. ఆవేళ చూడవచ్చిన కామేశానికీ ఇచ్చింది. అతను పరుగున ఆవిడ దగ్గరికి వచ్చాడు.

“అమ్మా, నాకూ చెయ్యిచ్చింది! నాకు!” ఆవిడ ముందు చతికిలబడ్డాడు. “నన్ను క్షమించినట్టేనా? ఆ ఒక్క మాట అనండి. తిన్న కూడు వంటికి పట్టడం లేదు. ఇంటికి తీసుకెళ్లి కన్నబిడ్డలా చూసుకుంటాను.”

“నన్నడుగుతావేం? వెళ్లి మళ్లీ చెయ్యి పట్టుకో” అన్నారావిడ, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ.

కామేశం వెళ్లి గౌరి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. అది కాలు చాచింది. చాచి, ముఖం పక్కకి తిప్పుకుని కళ్లు మూసుకుంది. కాలి మీద సూదికోసం గొరిగినచోట వెంట్రుకలు ఇంకా సరిగా మొలవలేదు. అతను ఆప్యాయంగానే అందుకున్నాడు. ఖర్మ! బొటనవేలు తనంతట తానే కాలి మడత పైకి పాకి, నరం మీద నొక్కి ఆగింది. నరం ఉబ్బింది. గౌరి ఒళ్లంతా సన్నగా వణికింది గాని, కాలు మాత్రం కదపలేదు.

కామేశం నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు. అన్నేళ్ల ఉద్యోగంలో రాని ఏడుపు అప్పుడు వచ్చింది. కుక్క కళ్లు తెరవలేదు. చాచిన కాలు దించలేదు.

“అమ్మా, ఇది...” అంటూ ఆవిడ వైపు తిరిగాడు.

పేరిందేవమ్మగారు చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టారు.

“క్షమించడమా! నీ పని ఇంకా అయిపోలేదనుకుంటోంది నాయనా, పాపం.”