బుసకొట్టిన గంప

నేనింతకుముందు ఏదీ రాసి ఎరగను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. మా ఇంట్లో పిల్లలకు చెప్పినట్టే రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

అనగా అనగా, అలల చప్పుడుకు నిద్రలేచి అలల చప్పుడుకే నిద్రపోయే ఊరొకటి. పేరు గవ్వలకోట. ఏటేటా ఆ కోట గోడలకు వెల్ల వేసే మనిషి నూకాలు. నలభై ఏళ్లు దాటినా నలుగురిలో నోరు విప్పింది లేదు. ఎవరు పలకరించినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపేది, అంతే.

ఒకనాడు తెల్లవారుతూనే కోటమీద నగారా మోగింది. ఢమ ఢమ ఢమ! కోట తలుపులు మూశారు. అంగళ్లు కట్టేశారు. తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు.

కాసేపటికి తూర్పు వీధి చాటింపువాడు వచ్చాడు.

"వినండహో! శత్రువు ఒకడు గంపలో మందుగుండు తెచ్చాడహో! నీళ్లు పోస్తే మరింత రేగిందహో!"

అతని వెనకే దక్షిణపు వీధివాడు.

"శత్రువులు పదిమందహో! పది కుండల్లో విషప్పొగ తెచ్చారహో! నీళ్లు పోస్తే ఉడికిందహో!"

ఆ వెనకే పడమటి వీధివాడు, అందరికన్నా పెద్ద గొంతుతో.

"నూరుమంది మాంత్రికులహో! గంపలో అగ్గిపామును తెచ్చారహో! నీళ్లు పోస్తే బుసకొట్టిందహో! ఒక్క ముసలివాడు దొరికాడు. పొద్దుగుంకేలోగా వాడికి ఉరిశిక్షహో!"

గడప లోపల నిలబడ్డ నూకాలు మూడు చాటింపులూ విన్నది. ఒకడా, పదిమందా, నూరుమందా? మందుగుండా, పొగా, పామా? ఏ మాటా ఇంకో మాటతో కలవడం లేదు. కలిసింది ఒక్కటే. నీళ్లు పోస్తే రేగిందట.

మందుగుండు తడిస్తే చల్లారాలి గదా. నీళ్లకు రేగేది ఈ లోకంలో ఏముంది?

ఆమెకు చటుక్కున తట్టింది. గుల్లలు కాల్చిన పచ్చి సున్నం! నిన్న తానే గదా సున్నం కాల్చే దాలయ్య మామకు కబురు పంపింది, "గంపెడు సున్నం పొద్దున్నే కోట వాకిట్లో దింపు మామా" అని!

నూకాలు వీధిలోకి పరుగెత్తింది.

"అన్నా, నువ్వు చూశావా?" అంది పడమటి వీధివాడితో.

"ఓరి నాయనో, నూకాలుకి నోరుందిరోయ్!" అని నవ్వాడు వాడు. "నేనెందుకు చూస్తాను? దక్షిణపు వీధివాడు చెప్పాడు."

"అన్నా, నువ్వు చూశావా?"

"తూర్పు వీధివాడు చెప్పాడమ్మా. వాడు అబద్ధమాడతాడా?"

"అన్నా, నువ్వు చూశావా?"

తూర్పు వీధివాడు బుర్ర గోక్కున్నాడు. "వాకిట్లో ఎవరో అనుకుంటుంటే విన్నాను. అయినా, నగారా ఊరికే మోగుతుందా?"

నూకాలు ఇంటికెళ్లి సున్నపు గడ్డ ఒకటి మట్టి మూకుట్లో పెట్టుకుంది. చెంబుతో నీళ్లు పట్టుకుంది. కొంగు నడుముకు చుట్టి రాజుగారి సభకు నడిచింది.

సంకెళ్లలో ఉన్న దాలయ్య ఆమెను చూసి గాబరాపడ్డాడు.

"ఎందుకొచ్చావే పిచ్చిదానా? ఇంటికి పో. గంప ఎవరికని అడుగుతున్నారు. నీ పేరు నేను చెప్పలేదు."

ఆ మాటకు నూకాలు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె రాజు ఎదుటికి నడిచింది.

"మహారాజా! ఆ గంప నాకోసమే వచ్చింది. అందులో ఏముందో చూపిస్తాను. దగ్గరికి మాత్రం రాకండి, ఒళ్లు కాలుతుంది."

మూకుడు నేలమీద పెట్టి చెంబెడు నీళ్లు పోసింది. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తరువాత బుస్సుమంది! తెల్లగా పొగ లేచింది. కుతకుత ఉడికింది. సేనాపతి ఒక్క దూకున సింహాసనం వెనక్కి చేరాడు.

"అగ్గిపాము, మహారాజా!"

"కాదు బాబూ, మీ ఇంటి గోడకు వేసే సున్నమే," అంది నూకాలు. సభంతా గొల్లున నవ్వింది.

రాజు నవ్వలేదు. వాకిటి కావలివాణ్ణి పిలిపించాడు. "నీ కంటితో చూసిందే చెప్పు."

వాడు చేతులు కట్టుకుని చెప్పాడు. "ఒక గంప, ఒక ముసలాయన, ప్రభూ. మంచుకు తడిసి పొగలొస్తుంటే నిప్పనుకుని నీళ్లు పోశాను. లేచింది. మళ్లీ పోశాను. ఇంకా లేచింది. నగారా కొట్టేశాను."

"సున్నమయ్యా సున్నమని మొత్తుకున్నాను," అన్నాడు దాలయ్య. "ఆ మోతలో ఎవరికి వినబడింది?"

రాజు సింహాసనం దిగి తన చేతులతో సంకెళ్లు విప్పాడు. "పెద్దాయనా, క్షమించు," అన్నాడు. నూకాలు వైపు తిరిగి, "అమ్మా, ఊరంతా అరిచింది. నువ్వొక్కదానివే అడిగావు. ఏం కావాలో కోరుకో," అన్నాడు.

నూకాలు మళ్లీ సిగ్గుపడిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా సున్నం గంప నాకిప్పించండి," అంది.

మర్నాడు పొద్దున్నే ఆ సున్నంతోనే, చాటింపువాళ్లు నిలబడే వాకిటి గోడకు వెల్ల వేసింది. ఆరేదాకా ఆగింది. చిన్నప్పుడు ఇసుకలో దిద్దిన అక్షరాలు ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటూ, ఎర్రటి జేగురుమట్టి ముద్దతో వంకరటింకరగా ఇలా రాసింది:

"చాటేవాడు ముందు చూడాలి. వినేవాళ్లు ముందు అడగాలి."