నింగి నుంచి రాలిందల్లా

ఉల్కరాళ్ళు పోగేసే పిచ్చి ముదిరిన ఒక రాజు, నింగి నుంచి రాలిందల్లా తనదేననీ, దాచినవాళ్ళ చేతులు నరికిస్తాననీ చాటింపు వేయించాడు. ఇంటి కప్పు చీల్చుకుని పడ్డ నల్లరాయిని దాచిందని మిరప రైతు ఎర్రక్కను భటులు సభకు ఈడ్చుకొచ్చారు. పక్కనే తలారి కత్తి నూరుతున్నాడు.

"ఆ రాయి ఎవరిదే?" గద్దించాడు రాజు.

ఎర్రక్క ఒడిలోంచి రాయి తీసి ఆయన ముందు పెట్టింది.

"తమదే ప్రభూ. నింగి నుంచి రాలిందల్లా తమదేగా?"

"ముమ్మాటికీ నాదే!"

"మొన్న మా ఊరి మిరపచేలన్నీ తుక్కు చేసిన వడగళ్ళు దేవుడివనుకుని ఏడ్చి ఊరుకున్నాం. తమవని ఇప్పుడే తెలిసింది. ఊరంతా బయటే ఉంది ప్రభూ, నష్టం అడగడానికి పిలవమంటారా?"

రాజు వాకిలి వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"రాలిందల్లా నాదని ఎవరన్నారు? నీ రాయి నువ్వు తీసుకుపో."