వీధిలో వేసిన మంచం

"గురువుగారూ, అద్దెకున్నవాళ్ళతో సహా ఇల్లు కొనాలంటే ఎప్పుడు వెళ్ళి చూడాలి? వానాకాలమైతే ఎక్కడెక్కడ కారుతుందో బయటపడుతుందంటారు, వేసవైతే నూతి సంగతి తెలుస్తుందంటారు. అసలు విలువ కట్టడానికి ఏది సరైన వేళ?"

అడిగింది మా చిన్నమామయ్య జనార్దనం. తెనాలిలో మూడు వాటాల ఇల్లొకటి బేరానికి వచ్చిందని తెలియగానే నరహరి శాస్త్రులుగారి దగ్గరకొచ్చాడు. నేను అరుగు మీద వత్తులు చేసుకుంటూ వింటున్నాను. శాస్త్రులుగారు అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే మనిషి కారు. కండువా సర్దుకుని, తన పడుచుతనంలో చూసినదొకటి చెప్పారు.

బసవయ్య అనే ఆసామికి ఇలాంటి ఇల్లే ఉండేదట. నడిమి వాటాలో కనకమనే ఆవిడ, మంచాన పడ్డ అత్తగారు సుభద్రమ్మ అద్దెకుండేవారు. ముసలామెకు రోజులు దగ్గరపడ్డాయి. ఆవిడ కోరిక ఒక్కటే: ఇన్నేళ్ళూ తాను దీపం పెట్టుకున్న దేవుడి గూటి ఎదుట కన్నుమూయాలని. కోడలి చేత చేతిలో చెయ్యి వేయించుకుంది కూడా.

ఇల్లు కొంటానన్న ఆయన చూడవచ్చే రోజున, పొద్దున్నే బసవయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

"చూడు కనకమ్మా, ఈవిడ లోపల పోతే ఇల్లు పాడుపెట్టాలి. నక్షత్రం మంచిది కాకపోతే ఆర్నెల్లు తలుపులకు తాళమే. అలాంటి ఇల్లెవడు కొంటాడు? ఆయన చూసెళ్ళేదాకా మంచం వీధిలో వేయించు. ఆపైన మళ్ళీ లోపలికి తెచ్చుకుందువు గానీ."

"ఊపిరి అందడం లేదు బాబాయిగారూ ఆవిడకి!"

"అందుకేగా చెబుతున్నది."

మంచం వీధిలోకి వచ్చింది. సహస్రనామం చదవడానికి వచ్చిన శాస్త్రులుగారూ దాని వెంటే వచ్చి గోడవార కూర్చున్నారు. "కాస్త మనసులో చదువుకోండి పంతులుగారూ, వచ్చేవాళ్ళకి అనుమానం వస్తుంది," అన్నాడు బసవయ్య. కనకాన్ని మాత్రం లోపలే ఉండమన్నాడు. పొయ్యి వెలుగుతూ ఉంటే ఇల్లు కళగా ఉంటుందట.

కొనేవాడు మంచాన్ని తప్పుకుని లోపలికి వెళ్ళాడు. గోడలు తట్టి చూశాడు. నూతిలో చేద వేయించి నీళ్ళు రుచి చూశాడు. నడిమి వాటా ఆయనకు మరీ నచ్చింది. "ఎంత విశాలంగా ఉందో! ఈ గూడు పూడ్పించేస్తే ఇక్కడ బీరువా పడుతుంది," అన్నాడు. కనకం పొయ్యి ముందు నుంచి లేవలేదు.

వీధిలో సుభద్రమ్మ నీళ్ళడిగింది. శాస్త్రులుగారు ఉద్ధరిణితో తులసి నీళ్ళు పోశారు. రెండోసారి పోసినవి గొంతు దిగలేదు.

లోపల కొనేవాడు ఆఖరి మాట అడుగుతున్నాడు. "ఈ ఇంట్లో ఎప్పుడైనా చావు జరిగిందా?"

"దేవుడి సాక్షిగా చెబుతున్నానండి, ఒక్కటీ లేదు," అన్నాడు బసవయ్య, ఆ గూటి మీదే చెయ్యి వేసి. అందులో అబద్ధం లేదు.

ఆయన వెళ్ళిపోయాక కనకం పరుగున వచ్చి మంచం కోడు పట్టుకుంది. బసవయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడి, మెత్తగానే అన్నాడు. "తప్పు తల్లీ. పోయినవాళ్ళని లోపలికి తెస్తారా ఎక్కడైనా?"

శాస్త్రులుగారు అక్కడ ఆగారు. మామయ్య, "అయితే ఆ ఇల్లు కొన్నాయనకి కలిసిరాలేదా?" అన్నాడు. నా చేతిలోని పత్తి చేతిలోనే ఉండిపోయింది.

"ఎందుకు రాదు నాయనా, బాగా కలిసొచ్చింది. ఇప్పటికీ ఆ ఇంట్లో ఒక్క చావూ జరగలేదు." శాస్త్రులుగారు లేచి కండువా దులుపుకున్నారు. "నువ్వు ఏ వేళకైనా వెళ్ళు. గుమ్మం ఎక్కేముందు వీధిలో ఎవరున్నారో చూసుకో."