హంతకుడి పేరు రాసిన పుస్తకం

"హంతకుణ్ణి చివరి పేజీ దాకా దాచడం ఎలాగండీ?" అని హైమవతి అడిగింది. డిటెక్టివ్ నవలలు రాయడంలో తలపండిన ముకుందరావు గారు ఎవరేం అడిగినా తిన్నగా జవాబు చెప్పే మనిషి కాదు. చెప్పులు వేసుకుని బయల్దేరడమే ఆయన జవాబు. ఆ రోజూ అంతే. శిష్యురాలు వెంట నడిచింది.

ఆమె సరదాకి అడగలేదు. తొలి నవల అచ్చయి నెలైంది. అద్దె పుస్తకాల షాపుల్లో అది ఆడితేనే రెండోది వేస్తాననీ, లేదంటే రాతప్రతి పట్టుకెళ్లిపొమ్మనీ పబ్లిషరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. రెండేళ్ల కష్టం అతని బల్ల మీద పడి ఉంది.

ఇద్దరూ తెనాలి స్టేషను రోడ్డులోని షాపుకు చేరారు. అక్కడ బెంచీ మీద పది పేజీలు చదివి చూసి, నచ్చితేనే పుస్తకం తీసుకెళ్లడం ఆనవాయితీ. పాఠకులు పెట్టుకున్న ఆనవాయితీ ఇంకొకటుంది. ముందుగా చదివిన మహానుభావుడు హంతకుడెవరో మొదటి పేజీలోనే రాసి పుణ్యం కట్టుకుంటాడు. హైమవతి తన నవల తీసి అట్ట తిప్పింది. "చంపింది మరిది" అని ఎర్ర సిరాతో రాసి ఉంది, కింద రెండు గీతలతో సహా.

"ఈ పేజీ చింపేస్తానండీ," అంది లోగొంతుతో.

"ఉన్నచోట పెట్టమ్మా," అన్నారాయన.

అంతలో రైల్వే గేటు కాసే ఏసుపాదం వచ్చి, సరిగ్గా ఆ పుస్తకమే తీశాడు. ఎర్ర సిరా చూసి నవ్వుకున్నాడు. అయినా బెంచీ మీద కూర్చున్నాడు. హైమవతి ఏదో వెతుకుతున్నట్టు నటిస్తూ కాగితం తిరిగిన చప్పుడల్లా లెక్కపెట్టింది. పదో పేజీ దాటింది, అతను లేవలేదు. పదిహేను. ఇరవయ్యో పేజీ దగ్గర అతను ఆగాడు, ఒకసారి వెనక్కి తిప్పి చూశాడు, పుస్తకం మూసి బీరువాలో పెట్టేశాడు. నలిగిపోయిన ఇంకో నవల తీసుకున్నాడు.

హైమవతి ఉండబట్టలేకపోయింది. "ఎవరు చంపారో తెలిసిపోయిందనేనా పెట్టేశారు?"

"అబ్బే, అదేం లేదమ్మగారూ. ఇది నేను రెండుసార్లు చదివిందే," అని చేతిలోది చూపించాడు. "ఆ పెట్టేసిన దాంట్లో పాపం కోడలు పిల్ల పొద్దున్నే చచ్చిపోయింది. మధ్యాన్నానికి ఇంటిల్లిపాదీ కూర్చుని భోంచేశారు. ఒక్కళ్లన్నా అన్నం మానలేదండి. ఇంక ఎవరు చంపితే నాకేంటి?"

బండి వేళవుతోందని అతను వెళ్లిపోయాడు. హైమవతి సిగ్గుతో చితికిపోయింది. అనుమానించాల్సిన వాళ్లందర్నీ ఒకచోట చేర్చడానికి ఆ భోజనం పెట్టించింది తానే. ఆ ప్రకరణం చూసుకుని మురిసిపోయింది కూడా.

తిరుగుదారిలో ఆమే మాట ఎత్తింది. "రెండోదాంట్లోనూ ఇంతేనండీ. శవం దొరకగానే అందరూ కాఫీలు తాగుతారు. రేపు వెళ్లి రాతప్రతి వెనక్కి తెచ్చుకుంటాను."

ముకుందరావు గారు మరో నాలుగడుగులు నడిచారు.

"మరిదిని బాగానే దాచావమ్మా," అన్నారు. "ఆ కోడల్ని ఎందుకు దాచావు?"