అడగడం నేర్చిన చిలుక

అనగనగా పగడవరమనే రాజ్యం. దాన్నేలే రాజు మణిధరుడు. మిగతా రాజులకు ఏనుగులుంటే ఈయనకు మగ్గాలుండేవి. వెయ్యి మగ్గాలు, ఒక పెద్ద బట్టల కొట్టు. ఊరంతటికీ అవే తిండి. ఆ ఇంట్లో రాకుమారులకు కత్తికంటే ముందు నేత నేర్పేవారు. మూడోవాడు నీలకేతుకి మాత్రం ఎంత నేర్పినా అంచు వంకరగానే వచ్చేది. ఏం చేస్తాం, కొందరి చేతులంతే.

ఇలా ఉండగా ఏడు సముద్రాల అవతల ఛాయాముఖుడనే ముసలి మాంత్రికుడు పోటీకి తయారయ్యాడు. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. అది మామూలు చిలుకా? ఏ బట్టనైనా ఒక్కసారి చూస్తే చాలు, పోగు పోగూ ఒప్పజెప్పేస్తుంది. అది చెబుతుంటే వాడు వేలు కదుపుతాడు, అలాంటి బట్టలే లక్ష రాలిపడతాయి. పగడవరంలో ఇవాళ నేసిన చీర రేపటికల్లా వాడి ఓడల్లో సగం ధరకు దిగేది. వింతే, కాదనను. కానీ ఆ వింత పగడవరం నోటిదగ్గర కూడు లాగేసింది. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

రాజు ముగ్గురు కొడుకులనూ పిలిచి, "మన మగ్గాలు మళ్లీ ఆడాలి. ఆడించినవాడిదే రాజ్యం" అన్నాడు.

పెద్దవాడు అందరికంటే మెరిసే బట్ట నేసి మాంత్రికుడితో పందేనికి వెళ్లాడు. చిలుక చూసింది, చెప్పింది. పెద్దవాడు రాయైపోయాడు. రెండోవాడు అందరికంటే పల్చటి బట్ట నేసి వెళ్లాడు. చిలుక చూసింది, చెప్పింది. వాడూ రాయైపోయాడు.

ఇక మిగిలింది మన వంకర అంచు నీలకేతు. పెద్ద నేతగాడి కూతురు చెంగల్వ దగ్గరకు వెళ్లి, "మా అన్నల బట్టలకంటే గొప్పది ఒకటి నేసిపెట్టు" అన్నాడు.

"ఎవరి కోసం రాకుమారా?"

"ఎవరి కోసమైతే ఏం? గొప్పగా ఉండాలి, అంతే."

"కట్టేదెవరో తెలియకపోతే నాకు చెయ్యాడదు. మీరే నేసుకోండి" అంటూ చిన్న చేతిమగ్గం, కాసిని నూలు కండెలు ఇచ్చింది. తన మగ్గం మూలన కాపురముండే సాలీడుని తీసి అతని భుజం మీద పెట్టింది. "తోడుంటుంది, తీసుకెళ్లండి" అంది.

సముద్రం ఒడ్డున వలలో చిక్కుకున్న ఒక ముసలి తాబేలును నీలకేతు విడిపించాడు. "ఎక్కు నాయనా" అంది తాబేలు. ఒక సముద్రం పాలలా తెల్లగా ఉంది, ఒకటి నీలిమందులా ఉంది, ఒకదానికి అసలు చప్పుడే లేదు. ఏడూ దాటించి తాబేలు అతన్ని అవతలి ఒడ్డున దింపింది.

నీలకేతు మాంత్రికుడి సభలో అడుగుపెట్టాడు. ఎటు చూసినా కొండలుగా బట్టలు. పైకప్పు కనిపించదు. వాటి మధ్య రాతిబొమ్మలై అన్నలిద్దరూ నిలబడి ఉన్నారు.

"మూడు బట్టలు నెయ్యి" అన్నాడు ఛాయాముఖుడు. "ఒక్కటైనా నా చిలుక చెప్పలేకపోతే నా మాయలన్నీ వదిలేస్తాను. మూడూ చెబితే నువ్వూ రాయివే."

మొదటిసారి ఏడు సముద్రాల రంగులూ కలిపి నేశాడు. చిలుక చూసింది, చెప్పింది. మోకాళ్ల దాకా రాయైపోయాడు. రెండోసారి మబ్బుల్లో మెరుపు వచ్చేలా నేశాడు. చిలుక చూసింది, చెప్పింది. నడుము దాకా రాయైపోయాడు. మూడోసారి కండె తీశాడు గానీ ఏం నెయ్యాలో తోచలేదు. భయమంటే అదీ.

అప్పుడు సాలీడు చెవిలో అంది: "రాకుమారా, గూడు అల్లే ముందు నేను ఎక్కడ ఖాళీ ఉందో చూస్తాను. నువ్వు ఇంతసేపూ నీ చేతులే చూసుకున్నావు. చెంగల్వ ఏమడిగిందో మర్చిపోయావా?"

నీలకేతు తలెత్తాడు. ఆ సభలో లక్షల బట్టలున్నాయి. బంగారు కమ్మీ మీద కూర్చున్న ఆ చిలుక దగ్గర ఒక్క నూలుపోగు లేదు. అది వణుకుతోంది.

"చిలకమ్మా, నీకేం కావాలి?"

"చిలకమ్మా, నీకేం కావాలి?" అంది చిలుక.

"నీకేనమ్మా, నీకేం కావాలి?"

"నీకేనమ్మా, నీకేం కావాలి?" అంది చిలుక.

మూడోసారి అడిగితే చిలుక పలకలేదు. నూరేళ్లుగా అది ఆజ్ఞలే వింది. చివరికి సన్నటి గొంతుతో, "ఈ బంగారం చల్లగా ఉంటుంది. కాళ్ల కింద మెత్తగా ఏదైనా కావాలి" అంది. ఆ మాటలు దానికెవరూ నేర్పలేదు. మాంత్రికుడు ఉలిక్కిపడ్డాడు.

నీలకేతు అరచేయంత ముక్క ఒకటి దళసరిగా నేసి కమ్మీకి చుట్టాడు. అంచు మళ్లీ వంకరే. చిలుక దాని మీద కాళ్లు ఆనించింది.

"ఊఁ, చెప్పు, పోగు పోగూ చెప్పు" అన్నాడు మాంత్రికుడు.

"చెప్పను. ఇది నాది."

అని రెక్కలో తలపెట్టి, నూరేళ్లలో మొదటిసారి నిద్రపోయింది. ప్రాణమే నిద్రపోతే మనిషి మేలుకుని ఉంటాడా? మాంత్రికుడూ ఆవులించి బట్టల మీద ఒరిగిపోయాడు. మాయబట్టలన్నీ దూదిపింజలై ఎగిరిపోయాయి. నీలకేతు కాళ్లలోకి రక్తం వచ్చింది. అన్నలిద్దరూ కళ్లు నులుముకుంటూ కదిలారు.

పగడవరంలో ఇప్పుడు కొట్టు గుమ్మంలో ఆ చిలుక ఉంటుంది. వచ్చిన ప్రతివాళ్లనూ "మీకేం కావాలి?" అని అడుగుతుంది. బెస్తవాడిది ఒక అవసరం, బాలింతది ఒక అవసరం. విన్నాకే మగ్గం ఆడుతుంది. ఏ రెండు బట్టలూ ఒకలా ఉండవు, ఇక వాటిని ఎవరు కాపీ కొడతారు? వెయ్యి మగ్గాలూ టకటకమన్నాయి. మాంత్రికుడా? అన్నలు మోసుకొచ్చారు. చిలుక మెలకువగా ఉన్నంతసేపూ అదే కొట్టులో బట్టలు మడతపెడతాడు.

నీలకేతు చెంగల్వను పెళ్లాడతానన్నాడు, ఆమె సరేనంది. "పెళ్లికి నీకెలాంటి చీర కావాలి?" అని అడిగాడు.

ఆమె కళ్లు నిండాయి. "ఊరందరికీ నేశాను. నన్నింతవరకూ ఎవరూ అడగలేదు" అంది. తర్వాత, "మీ చేత్తో నేసింది కావాలి" అంది.

నేశాడు. వాళ్లు చాలా ఏళ్లు రాజ్యాన్ని చల్లగా ఏలారు. ఆ చీర అంచును సరిచేస్తామని ఎంతమంది వచ్చినా రాణి ముట్టుకోనివ్వలేదు.

బట్ట మగ్గం దిగింది, కథ నా నాలుక దిగింది. ఇప్పుడు చెప్పండర్రా, మీకేం కావాలి?