స్పష్టమని రాసినచోట

"నాకే అర్థం కానిచోట టీకలో 'స్పష్టం' అని రాసి ముందుకు పోతే తప్పేమిటండీ? పెద్ద పెద్ద వ్యాఖ్యాతలే ఆ పని చేశారు" అని భుజంగరావు తన గురువు దీక్షితులుగారిని అడిగాడు.

గ్రహాల చలనాన్ని లెక్కలతో వివరించే ఒక కఠినమైన గ్రంథాన్ని అతను తెలుగు చేస్తున్నాడు. మొదటి సంపుటం టీకతో సహా అచ్చయి, మంచి పేరే తెచ్చింది. ఇప్పుడు రెండోదానికి కలం పట్టాడు.

దీక్షితులుగారు అరుగు మీద కూర్చుని ఉన్న సుభద్రమ్మను లోపలికి పిలిచారు. ఆవిడ ఆడపిల్లల బడిలో లెక్కలు చెబుతుంది. మొదటి సంపుటం ఇచ్చి చదవమన్నది ఆయనే.

"పుస్తకం తిరిగి ఇచ్చేద్దామని వచ్చానండీ" అంది. "సూర్యుడి ఆకర్షణకు చంద్రుడి దారి ఎలా మారుతుందో చెప్పేచోట ఆగిపోయాను. టీక చూస్తే 'స్పష్టం' అని ఉంది. వానాకాలమంతా కుస్తీ పట్టాను. స్పష్టమైనదే బుర్రకెక్కకపోతే ఇక ఈ చదువు నాకెందుకు?"

"ఇదిగో, రాసినవాడే ఉన్నాడు. చెప్పవయ్యా" అంటూ గురువుగారు పలకను అతని ముందుకు తోశారు.

భుజంగరావు రెండు వరుసలు రాసి, మూడోదాని దగ్గర ఆగాడు. తుడిచాడు. మళ్ళీ రాశాడు. చెవులు వేడెక్కాయి.

"నాకోసం విడమరచక్కర్లేదండీ, మీకు తెలిసినట్టే వేసేయండి" అందావిడ, ఎంతో నమ్మకంగా.

తిట్టినా అంత నొప్పి ఉండేది కాదు. "నాకూ తెలియదమ్మా" అన్నాడు.

సుభద్రమ్మ ముఖం ఎర్రబడింది. "ఈ ముక్క అచ్చులో వేస్తే మీ సొమ్మేం పోయేదండీ? మీకు రాని లెక్కకు, మొద్దునంటూ నన్ను నేనే తిట్టుకున్నాను! బడిలో పిల్లల ముందు నిలబడడానికే మొహం చెల్లలేదు!"

"సిగ్గు లేదుటయ్యా!" దీక్షితులుగారు ఉరిమారు. "నీకు రాలేదని ఒప్పుకోలేక, ఆవిడకు తెలివి లేదని అచ్చు వేయించావు!"

భుజంగరావు తల వంచుకుని కాగితం అందుకున్నాడు. 'ఇక్కడ ఒక మెట్టు నాకు అందలేదు' అని రాశాడు. రాసినదాన్ని చూసుకుని బెంబేలెత్తాడు.

"ఇలా అచ్చు వేస్తే ఇక నా పుస్తకం ఎవరు చదువుతారండీ?"

సుభద్రమ్మ అప్పటికే సంపుటం తెరిచి, పలక దగ్గరకు లాక్కుని, అతను ఆగినచోటు నుంచి రాస్తోంది.

"తల తిప్పి చూడు" అన్నారు గురువుగారు.