కోటమాంబ నాలుక చల్లబడిన నోము కథ

చారు రుచి చూడబోయిన కోటమాంబకు నోరంతయు నిప్పు పోసినట్లు మండెను. అద్దమున చూచుకొనగా నాలుక మీద ఒక్క పొక్కయినను లేకుండెను. ఆమె బాధ ఎట్లు తీరెనని మాండవ్యుడు అడుగగా, లోమశ మహర్షి ఇట్లు చెప్పెను.

కోటమాంబ బాటసారుల సత్రమున వంటమనిషి. నాలుకతో ఉప్పు తేల్చక గరిటె పట్టజాలదు. మంట మొదలైన నాటి నుండి ఆమె చారు కషాయమయ్యెను. నెలలో నయము కాకున్న వేరొకరిని పెట్టెదనని సత్రాధికారి చెప్పెను. "పొక్కు లేని మంటేమిటమ్మా, విడ్డూరం!" అని తోటివారు నవ్విరి. భర్త వేంగళయ్య ఒక్కడే నమ్మెను. అతడు పళ్లపొడి నూరి అమ్మువాడు. భార్య అన్న ప్రాణము.

వైద్యురాలు అక్కలదేవి కనురెప్ప తిప్పి చూచి, రక్తము తక్కువ కాలేదని తేల్చెను. కనబడకున్నను మంట నిజమేనని ధైర్యము చెప్పి, శీతలాంబ నోము పట్టించెను. తొమ్మిది దినములు కారము, పులుపు, తాంబూలము మానవలెను. చల్లనీరు గుక్కగుక్కగా త్రాగవలెను. ఉత్త ఉప్పునీటనే పళ్లు తోమవలెను.

కోటమాంబ అన్నియు మానెను గాని, మగని చేతి పళ్లపొడి మానలేదు. మంట తగ్గలేదు. రెండవమారు అక్కలదేవి ఇంటనే ఉండి నోము పట్టగా నోరు చల్లబడెను. ఇల్లు చేరిన ఉదయమే వేంగళయ్య మురిసి కొత్త పొడి తెచ్చి ఇచ్చెను. మధ్యాహ్నమునకు మరల మండెను! అక్కలదేవి ఆ పొడి భరిణ వాసన చూచి వేంగళయ్య వంక చూచెను. అతని మొగము వాడెను.

మూడవమారు నోము నియమము తప్పక సాగెను. గడువుకు ఒక దినము ముందు కోటమాంబ చారు చప్పరించి, "ఉప్పు ఒక్క పలుకు తక్కువ" అనెను. సత్రాధికారి గరిటె ఆమె చేతికే ఇచ్చెను.

నోరు మండువారు, నోరు ఎండువారు, చెప్పినను నమ్మబడనివారు ముందు వైద్యునికి చూపుకొని ఈ నోము పట్టవలెను. అన్నము రుచించును, నిదుర పట్టును, ఇంటివారు మాట వినెదరు. ముగింపున ఇంటి యజమాని అక్షతలు పట్టుకొని, వేంగళయ్య ఆనాడు భార్యతో చెప్పిన మాటలు పైకి చదువవలెను:

"ఏమే కోటమాంబా, దొంగను నేనే. పెళ్లయిన కొత్తలో నా పొడి వాసన చూసి 'లవంగం ఘాటు బాగుందండీ' అన్నావు. ఆ ఒక్క మాట పట్టుకుని ఏటేటా నీ భరిణలో మాత్రం లవంగం, దాల్చినచెక్క పెంచుతూ వచ్చాను. మంట అన్నావని, మందు కదా అని ఇంకో పిడికెడు వేశాను. నీ నోట్లో నిప్పు పెట్టింది నేనే. ఇదిగో భరిణ, కడిగి తెచ్చాను. ఇకమీదట ఇందులో ఉప్పే ఉంటుంది. అది కూడా నువ్వే రుచి చూసి చెప్పు."